రాష్ట్రపతి ఎన్నికలో మీ ఓటు మీదే: తెలుగు రాష్ట్రాల ఎమ్మెల్యేలకు, ఎంపీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభ్యులకు, రెండు రాష్ట్రాల లోక్‌సభ, రాజ్యసభ సభ్యులకు నమస్కారం.

2027 జులైలో ద్రౌపది ముర్ము గారి పదవీకాలం పూర్తవుతుంది. అంతకు ముందే కొత్త రాష్ట్రపతిని ఎన్నుకోవాలి. ఆ ఎన్నికలో నాకు ఓటు లేదు. మా ఊళ్లో ఎవరికీ లేదు. మీకు ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి 175 మంది ఎమ్మెల్యేలు, 25 మంది లోక్‌సభ సభ్యులు, 11 మంది రాజ్యసభ సభ్యులు. తెలంగాణ నుంచి 119 మంది ఎమ్మెల్యేలు, 17 మంది లోక్‌సభ సభ్యులు, ఏడుగురు రాజ్యసభ సభ్యులు. ఖాళీలు లేకపోతే మొత్తం 354 మంది. ఎమ్మెల్సీలకు కూడా ఈ ఓటు లేదు.

అభ్యర్థుల పేర్లు బయటికి రాకముందే ఈ ఉత్తరం రాయాలనుకున్నాను. పేర్లు వచ్చాక ఎవరు నోరు తెరిచినా ‘వీడు ఫలానా పార్టీ మనిషి’ అని ముద్ర వేసేస్తారు. ఇప్పుడైతే మీరు మామూలు మనసుతో చదువుతారని ఆశ.

నేను అడిగేది ఇది. మీ ఓటు మీ పార్టీ బలపరిచిన అభ్యర్థికి వేయండి, లేదా అవతలి పక్షం అభ్యర్థికి వేయండి. ఎవరికి వేసినా సొంతంగా ఆలోచించి వేయండి. ఎందుకు వేస్తున్నారో మీ నియోజకవర్గంలో జనం ముందు నిలబడి చెప్పండి. పార్టీ ఆఫీసు నుంచి పేరు వచ్చింది, వెళ్లి అంకె వేసి వచ్చాం అనే పద్ధతి ఇక చాలు.

‘పార్టీ గుర్తు మీద గెలిచి అవతలి వాళ్లకు ఓటేస్తే అది వెన్నుపోటు కాదా?’ అని మీలో చాలామంది అడుగుతారు. అసెంబ్లీలో బిల్లు మీద ఓటింగ్ అయితే ఆ ప్రశ్న సరైనదే. అక్కడ విప్, అంటే ఇలాగే ఓటేయాలనే పార్టీ ఆదేశం, ఉంటుంది, ధిక్కరిస్తే 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సభ్యత్వం పోవచ్చు. రాష్ట్రపతి ఎన్నిక మాత్రం సభా కార్యకలాపం కిందికి రాదు. దానికి పార్టీలు విప్ జారీ చేయడానికే వీల్లేదని ఎన్నికల సంఘం చెప్తూనే ఉంది. రాజ్యాంగం 55వ అధికరణమే ఈ ఓటు రహస్య బ్యాలెట్‌తో జరగాలంది. రాజ్యసభ ఎన్నికలో మీరు ఓటు వేశాక బ్యాలెట్‌ను మీ పార్టీ ఏజెంటుకు చూపించాలి, 2003 నుంచి అదే నియమం. రాష్ట్రపతి ఎన్నికలో ఎవరికీ చూపించకూడదు, చూపిస్తే ఓటు చెల్లదు. ఒకే ఎమ్మెల్యే, ఒకే అసెంబ్లీ భవనం, రెండు ఎన్నికలకు రెండు వేర్వేరు నియమాలు. రాష్ట్రపతి దగ్గరికి వచ్చేసరికి పార్టీ చెయ్యి మీ భుజం మీద ఉండకూడదనే కదా రాజ్యాంగం ఈ ఏర్పాటు చేసింది?

ఆ గదిలోకి వెళ్లినప్పుడు జరిగేది మీకు తెలుసు, జనానికి తెలియదు కాబట్టి చెప్తున్నాను. ఎంపీలకు ఆకుపచ్చ కాగితం, ఎమ్మెల్యేలకు గులాబీ రంగు కాగితం ఇస్తారు. సొంత పెన్ను వాడకూడదు. ఎన్నికల సంఘం ఇచ్చే ఊదా రంగు సిరా పెన్నుతోనే రాయాలి. గుర్తులు ఉండవు, పేర్లే ఉంటాయి. మొదటి ఎంపికకు ఎదురుగా 1 అని అంకె వేయాలి, అక్షరాల్లో రాయకూడదు. తెలుగు అంకె ౧ వేసినా చెల్లుతుంది. ఆ తర్వాత బ్యాలెట్ పెట్టె ఢిల్లీకి విమానంలో వెళ్తుంది. 2022లో ఆ పెట్టెకు మనిషికి కొన్నట్టే టికెట్ కొని, ముందు వరుసలో అధికారి పక్క సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్లారు. ఇంత కాపలా కాసేది మీరు వేసిన ఆ ఒక్క అంకె కోసం.

ఆ అంకె బరువు కూడా తక్కువేం కాదు. 1971 జనాభాను అసెంబ్లీ సీట్లతో భాగించి, వచ్చిన దాన్ని మళ్లీ వెయ్యితో భాగించి ఎమ్మెల్యే ఓటు విలువ కడతారు. 2022 ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132. ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. ఎంపీ ఓటు విలువ 700. అంటే ఆంధ్రలో ఒక ఎమ్మెల్యే ఆ కాగితం మీద 1 వేసినప్పుడు అప్పటి లెక్కన లక్షా యాభై తొమ్మిది వేల మంది తరఫున వేస్తున్నట్టు. పార్టీ సభ్యత్వాల లెక్క ఈ లెక్కలో ఎక్కడా లేదు. జనం తలల లెక్కే ఉంది. అందుకే కారణం అడిగే హక్కు మాకుందని అంటున్నాను.

ఇప్పుడు 1969 సంగతికి వస్తాను. మన తెలుగువాళ్లు ఈ ఎన్నికను మర్చిపోకూడదు. గెలిచిందీ తెలుగువాడే, ఓడిందీ తెలుగువాడే.

రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆ ఏడాది మే 3న పదవిలో ఉండగానే చనిపోయారు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. గిరి గారిది బరంపురంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. కార్మిక నాయకుడు. 1937లో బొబ్బిలి రాజా మీద పోటీ చేసి గెలిచిన మనిషి, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లారు. జులైలో బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు కూర్చుంది. ప్రధాని ఇందిరా గాంధీ జగ్జీవన్ రామ్ పేరు చెప్పారు. బోర్డులో మెజారిటీ లోక్‌సభ స్పీకర్ నీలం సంజీవరెడ్డి వైపు నిలబడింది. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయిన సంజీవరెడ్డి గారే పార్టీ అధికారిక అభ్యర్థి. ఆయన నామినేషన్‌ను ప్రతిపాదించింది స్వయంగా ఇందిరా గాంధీ. గిరి గారు పదవులకు రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా దిగారు. ప్రతిపక్షంలోని స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు సి.డి. దేశ్‌ముఖ్‌ను నిలబెట్టాయి. బరిలో మొత్తం 15 మంది.

ఆ నెల రోజుల్లో ఢిల్లీ అట్టుడికిపోయింది. మొరార్జీ దేశాయ్ నుంచి ఆర్థిక శాఖ తీసేశారు. జులై 19న 14 బ్యాంకులను జాతీయం చేశారు. సంజీవరెడ్డికి రెండో ప్రాధాన్య ఓట్లు, అంటే రెండో ఎంపికగా వేసే ఓట్లు, ఇప్పించమని కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప జనసంఘ్, స్వతంత్ర నాయకులతో మాట్లాడారు. అది పట్టుకుని జగ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఎదురు తిరిగారు. సభ్యులకు ఇష్టమొచ్చినట్టు ఓటేసే స్వేచ్ఛ ఉండాలని నిజలింగప్పకు ఉత్తరం రాశారు. చివరికి ప్రధానే అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమన్నారు.

పోలింగ్ ఆగస్టు 16న, లెక్కింపు 20న. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ చూస్తే గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గెలవడానికి 4,18,169 కావాలి. ఎవరికీ రాలేదు. కింది నుంచి ఒక్కొక్కరినీ తప్పిస్తూ, వాళ్ల బ్యాలెట్లలో తర్వాతి ప్రాధాన్యం చూసి పైవాళ్లకు కలుపుతూ పోయారు. దేశ్‌ముఖ్ కాగితాలు చాలా వరకు సంజీవరెడ్డి వైపే వెళ్లాయి, ఆయన ఓట్లు దాదాపు 92 వేలు పెరిగాయి. గిరికి కలిసింది 18 వేల పైచిలుకు. అయినా సరిపోయింది. గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. తేడా 14,650. మన దేశంలో రాష్ట్రపతి ఎన్నికకు రెండో ప్రాధాన్యం దాకా లెక్కపెట్టాల్సి వచ్చింది ఆ ఒక్కసారే. దేశమంతా ఏలుతున్న పార్టీ నిలబెట్టిన అభ్యర్థిని ఆ పార్టీ సభ్యులే పెద్ద సంఖ్యలో కాదనుకున్నారు. నవంబరులో ఇందిరను పార్టీ నుంచి బహిష్కరించారు, కాంగ్రెస్ రెండుగా చీలింది.

గెలిచిన గిరి గారు మంచి రాష్ట్రపతా, సంజీవరెడ్డి గెలిచి ఉంటే ఇంకా బాగుండేదా అని నేను వాదించడం లేదు. నన్ను బాధించేది వేరే. అంత పెద్ద ఎన్నికలో పార్టీ గీత దాటిన వాళ్లలో ఎంతమంది నిజంగా అభ్యర్థుల్ని తూకం వేశారు? ఎంతమంది ప్రధాని వైపు గాలి చూసి తిరిగారు? పార్టీ పేరు మీద ఓటేసిన వాళ్లలో ఎంతమంది సిండికేట్‌కు, అంటే ఇందిరకు ఎదురు నిలిచిన పార్టీ పెద్దలకు, భయపడి వేశారు? చెప్పలేం. ఎందుకంటే కారణాలు బయటికి చెప్పిన వాళ్లు తక్కువ. ఆ సందులోకి బురద వచ్చి చేరింది. సంజీవరెడ్డి గారి వ్యక్తిగత జీవితం మీద పేరూ ఊరూ లేని ఒక కరపత్రం పార్లమెంటు సెంట్రల్ హాల్లో చేతులు మారింది. ఆ వివాదం సుప్రీంకోర్టుకు ఎక్కింది. రాష్ట్రపతి పదవిలో ఉండి గిరి గారే కోర్టు ముందు సాక్ష్యం చెప్పారు. కరపత్రం పంచారని కోర్టు నమ్మింది, దానితో గిరికి సంబంధం ఉందని నమ్మలేదు. 1970లో పిటిషన్ కొట్టేసింది. ఒక మనిషి పరువు మాత్రం బజారున పడింది. బహిరంగంగా వాదించుకునే ధైర్యం సభ్యులకు ఉండి ఉంటే ఆ దొంగచాటు కాగితానికి అంత విలువ దక్కేదా?

ఓడాక సంజీవరెడ్డి అనంతపురం వచ్చేసి వ్యవసాయం చూసుకున్నారు. 1977లో నంద్యాల నుంచి జనతా పార్టీ తరఫున గెలిచారు. రాష్ట్రంలో 42 సీట్లలో కాంగ్రెసేతర గెలుపు ఆ ఒక్కటే. అదే ఏడాది పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. మా జిల్లా వాళ్లు ఈ కథ చెప్పుకున్నంతగా 1969 కథ చెప్పుకోరు.

1969లో స్వేచ్ఛా ఓటు కావాలని ఉత్తరం రాసిన ఇద్దరిలో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఒకరని చెప్పాను కదా. 1974లో ఆయనే రాష్ట్రపతి అయ్యారు. 1975 జూన్ 25 రాత్రి మంత్రివర్గం సమావేశం కూడా కాకుండానే వచ్చిన ఎమర్జెన్సీ కాగితం మీద సంతకం పెట్టింది ఆయనే. ‘రాష్ట్రపతి రబ్బరు స్టాంపు, ఎవరైతే ఏంటి’ అని మీలో ఎవరైనా అనుకుంటే ఆ రాత్రిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. అక్కడ వేరే మనిషి ఉంటే కనీసం ‘మంత్రివర్గం ఏదీ?’ అని అడిగి ఉండేవాడేమో. 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమని కేంద్రం పంపిన సిఫారసును కె.ఆర్. నారాయణన్ వెనక్కి పంపారు, కేంద్రం వెనక్కి తగ్గింది. 2006లో లాభదాయక పదవుల బిల్లును, అంటే కొన్ని ప్రభుత్వ పదవుల్లో ఉన్నా ఎంపీ సభ్యత్వం పోకుండా కాపాడే బిల్లును, అబ్దుల్ కలాం తిప్పి పంపారు. మళ్లీ పంపితే సంతకం పెట్టక తప్పలేదు, కానీ దేశమంతా ఆ బిల్లు గురించి మాట్లాడుకుంది. కుర్చీ అదే, అధికారాలు అవే. కూర్చున్న మనిషిని బట్టి జరిగింది వేరు.

ఈ పాఠం తెలుగువాళ్లకు పుస్తకంలో చదవాల్సిన పని లేదు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని దించేసినప్పుడు, మెజారిటీ తనవైపే ఉందని చూపించడానికి ఎన్టీఆర్ ఎమ్మెల్యేలను వెంటేసుకుని వెళ్లింది రాష్ట్రపతి భవన్‌కే. సెప్టెంబరు 16న మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఢిల్లీలో ఆ గుమ్మం లోపల ఎవరున్నారన్నది ఆ నెల రోజులూ ఆంధ్రదేశంలో ప్రతి ఇంట్లో మాట్లాడుకున్న విషయం.

కాబట్టి ఓటు వేసే ముందు మీరు అడగాల్సిన ప్రశ్నలు ఇవి. ఈ అభ్యర్థి ఇంతకు ముందు ఏ పదవిలో ఉన్నా, తనను కూర్చోబెట్టిన వాళ్లకు ఎప్పుడైనా కాదని చెప్పారా? అర్ధరాత్రి ఫైలు వస్తే చదివి సంతకం పెట్టే మనిషేనా? గవర్నర్‌గా చేసి ఉంటే, అసెంబ్లీ పాస్ చేసిన బిల్లుల్ని ఎంతకాలం పక్కన పెట్టారు? ఈ ప్రశ్నలకు జవాబు మీ పార్టీ అభ్యర్థి దగ్గర బాగుంటే ఆనందంగా ఆయనకే వేయండి. అవతలి అభ్యర్థి దగ్గర బాగుంటే అటు వేయండి.

అటు వేసిన వాళ్లు ఆ తర్వాత కూడా ఉన్నారు. 2007లో బీజేపీతో పొత్తులో ఉన్న శివసేన, ప్రతిభా పాటిల్ మహారాష్ట్ర ఆడబిడ్డ అని చెప్పి ఆమెకు మద్దతిచ్చింది. అవతల ఎన్డీఏ బలపరిచిన భైరోన్ సింగ్ షెకావత్ ఉన్నారు. 2012లో అదే శివసేన, దానితో పాటు జేడీయూ ప్రణబ్ ముఖర్జీకి ఓటేశాయి. ఆ ఏడాది కర్ణాటకలో బీజేపీ ప్రభుత్వం ఉన్నా అక్కడ ప్రణబ్‌కు 117 ఓట్లు, బీజేపీ బలపరిచిన సంగ్మాకు 103 ఓట్లు పడ్డాయి. 2017లో నీతీశ్ కుమార్ అప్పటికి కాంగ్రెస్‌తో కూటమిలో ఉండి కూడా రామ్‌నాథ్ కోవింద్ వైపు నిలబడ్డారు. 2022లో జార్ఖండ్ ముక్తి మోర్చా ప్రతిపక్షాల అభ్యర్థి యశ్వంత్ సిన్హాను కాదని సంతాల్ బిడ్డ ద్రౌపది ముర్ముకు ఓటేసింది. అస్సాంలో ప్రతిపక్షం నుంచి ఇరవై పైనే ఓట్లు ముర్ముకు వెళ్లాయి. సొంత రాష్ట్రం, సొంత సామాజిక వర్గం అనే కారణాలు నాకు పూర్తిగా నచ్చవు. కానీ ఒక ఆదివాసీ మహిళ మొట్టమొదటిసారి ఆ పదవిలోకి వెళ్తుంటే ఆదివాసీల పార్టీ ఎదురు నిలబడలేకపోయింది అంటే అర్థం చేసుకోగలను. వాళ్లు ఆ మాట పైకే చెప్పారు.

2022లో ఇద్దరి ఓట్లు మాత్రం నన్ను బాగా ఆలోచింపజేశాయి. ఒకరు కటక్ కాంగ్రెస్ ఎమ్మెల్యే మహమ్మద్ మొకీమ్. ఓటు వేసి బయటికి వచ్చి, ఒడిశా మట్టిలో పుట్టిన బిడ్డ కాబట్టి ముర్ముకు వేశానని, మనసు చెప్పినట్టు చేశానని కెమెరాల ముందే చెప్పారు. ఆయన కారణంతో ఎవరైనా విభేదించవచ్చు, ఆయన్ను పార్టీ నిలదీయవచ్చు, వచ్చే ఎన్నికలో జనం తీర్పు చెప్పవచ్చు. అన్నిటికీ దారి ఆయనే తెరిచి ఉంచారు. రెండోది కేరళలో. ఆ అసెంబ్లీలో ఎన్డీఏకు ఒక్క ఎమ్మెల్యే కూడా లేరు. సిన్హాకు 139 పడ్డాయి, ముర్ముకు ఒకటి పడింది. ఆ ఒక్కరు ఎవరో తేలలేదు. చట్టం ఆయన్ను కాపాడుతుంది, కాపాడాలి కూడా. కానీ ఆయన్ను గెలిపించిన జనానికి ఆయన ఏం అనుకుని అలా వేశారో ఎప్పటికీ తెలియదు. రహస్య బ్యాలెట్ ఉన్నది పార్టీ పెద్దల నుంచి సభ్యుణ్ని కాపాడటానికి. ఓటర్లకు జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికి దాన్ని వాడుకోకూడదని నా అభిప్రాయం.

ఇక మన దగ్గరికి వద్దాం. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పోలైన 173 ఓట్లూ ముర్ముకే వెళ్లాయి. సిన్హాకు సున్నా. ఇసుక మీద, మద్యం మీద, రాజధాని మీద రోజూ కొట్టుకునే రెండు పార్టీలు ఆ ఒక్క విషయంలో ఒక్కటయ్యాయి. తప్పని అనను. ముర్ము గారు జులైలో వచ్చి రెండు పార్టీల వాళ్లనూ విడివిడిగా కలిశారు కూడా. కానీ 173 మందిలో ఎవరైనా తన నియోజకవర్గంలో కనీసం ఒక ప్రెస్ మీట్ పెట్టి ‘ఇందుకు వేస్తున్నాను’ అని సొంత మాటల్లో చెప్పడం నేను చూడలేదు. నాయకుడు నిర్ణయించారు, వేశాం, భోజనాలకు వెళ్లాం. అదే సమయంలో హైదరాబాద్‌లో టీఆర్ఎస్ యశ్వంత్ సిన్హాకు ఘనస్వాగతం పలికింది, అక్కడ ఓట్లు దాదాపు అన్నీ ఆయనకే పడ్డాయి. అప్పటికి ఎనిమిదేళ్ల కిందటి దాకా ఒకే అసెంబ్లీలో కూర్చున్న ప్రాంతాలు రెండు. ఒకవైపు అందరూ ఆమెకు, రెండోవైపు దాదాపు అందరూ ఆయనకు. అందులో ఎమ్మెల్యేల ఆలోచన ఎంత, అధినేతల లెక్క ఎంత అని నేను వేరే చెప్పక్కర్లేదు.

2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి ఎన్నిక జరిగింది. అందులో ఎంపీలే ఓటర్లు. తెలంగాణ వ్యక్తి, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి బి. సుదర్శన్ రెడ్డి ప్రతిపక్షాల అభ్యర్థి. ఎన్డీఏ అభ్యర్థి, అప్పటి మహారాష్ట్ర గవర్నర్ సి.పి. రాధాకృష్ణన్ 452 ఓట్లతో గెలిచారు, సుదర్శన్ రెడ్డికి 300 వచ్చాయి. తమ వైపు 315 మంది ఓటేశారని కాంగ్రెస్ ముందే చెప్పుకుంది. చెల్లని ఓట్లు 15. గీత దాటిన వాళ్లెవరో, కావాలని ఓటు పాడుచేసుకున్న వాళ్లెవరో, అంకె వేయడం రాక పోగొట్టుకున్న వాళ్లెవరో దేశానికి తెలియదు. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, జనసేన రాధాకృష్ణన్ వైపు నిలిచాయి, బీఆర్ఎస్ యూరియా కొరత మీద నిరసనగా ఓటింగ్‌కు దూరంగా ఉంది. తెలుగువాడు కాబట్టి సుదర్శన్ రెడ్డికే వేయాల్సింది అని నేను అనడం లేదు. ఒక న్యాయమూర్తి ఇచ్చిన తీర్పుల్ని, ఒక గవర్నర్ చేసిన పనిని పక్కపక్కన పెట్టి మన ఎంపీల్లో ఒక్కరైనా మాకు వివరించి ఉంటే బాగుండేదని అంటున్నాను.

మీ భయం నాకు తెలియంది కాదు. విప్ లేకపోయినా టికెట్ టెన్షన్ ఉంటుంది. చట్టం మీ సభ్యత్వాన్ని కాపాడుతుంది, వచ్చేసారి బీ-ఫారాన్ని కాపాడదు. వేరే దారిలో వేటు వేయడం కూడా పార్టీలకు తెలుసు. 2024 ఫిబ్రవరిలో హిమాచల్‌లో రాజ్యసభ ఎన్నికలో ఆరుగురు కాంగ్రెస్ ఎమ్మెల్యేలు బీజేపీ అభ్యర్థికి ఓటేశారు. ఓట్లు 34-34 సమానమై లాటరీ తీయాల్సి వచ్చింది. ఆ ఆరుగురి సభ్యత్వం పోయింది, అయితే ఆ ఓటు వల్ల కాదు, ఆ వెంటనే బడ్జెట్ మీద ఇచ్చిన విప్‌ను ధిక్కరించినందుకు. రాష్ట్రపతి ఓటు వేరు, సభలో ఓటు వేరు అని మీరు గట్టిగా పట్టుకుని నిలబడాలి. అవతలి అభ్యర్థికి వేసిన మర్నాడు సభలో మీ పార్టీ విప్‌ను పాటించండి. రెండిటికీ పొత్తు కుదరదని ఎవరన్నారు?

డబ్బు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది. ఓటుకు నోటు అనే మాట మన రెండు రాష్ట్రాల్లో చిన్న పిల్లలకు కూడా తెలుసు. గీత దాటిన ప్రతివాణ్నీ ‘ఎంతకు అమ్ముడుపోయాడు?’ అని జనం అడగడానికి కారణం అదే. 2024 మార్చి 4న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1998 నాటి పి.వి. నరసింహారావు కేసు తీర్పును పక్కన పెట్టింది. ఓటుకు లంచం తీసుకున్న ఎంపీకి గానీ ఎమ్మెల్యేకు గానీ సభా హక్కుల పేరుతో రక్షణ లేదని తేల్చింది. ఆ కేసు మొదలైందే ఒక రాజ్యసభ ఎన్నిక ఓటు దగ్గర. అమ్ముకున్న వాడికి, ఆలోచించి వేసిన వాడికి తేడా బయట నుంచి చూసే మాకు తెలిసే దారి ఒక్కటే ఉంది: ముందుగా, అందరి ముందు, కారణంతో సహా చెప్పడం. నోటు తీసుకున్నవాడు ఫలితాలు వచ్చేదాకా నోరు విప్పడు. మీరు పోలింగ్‌కు వారం ముందే చెప్తే ఆ అనుమానం మీ దగ్గరికి రాదు.

పార్టీ అధినేతలు కూడా ఈ ఉత్తరం చదువుతారనుకుంటాను. అయ్యా, మీరు 1969లో లేరు. కానీ మీ పార్టీల్లోనూ ఆలోచించే మనుషులున్నారు. షెడ్యూలు వచ్చిన రోజే ఒక మాట ప్రకటించండి: రాష్ట్రపతి ఎన్నికలో మా సభ్యులు ఎవరికి వేసినా నోటీసులు ఉండవు, సస్పెన్షన్లు ఉండవు, టికెట్ల దగ్గర ఆ లెక్క తీయం అని. మీ అభ్యర్థి మీద మీకు నమ్మకం ఉంటే ఈ మాట చెప్పడానికి అడ్డేముంది? ఫలితాలు వచ్చాక ఏ రాష్ట్రంలో ఎన్ని ఓట్లు జారిపోయాయో కూర్చుని కూడికలు చేయించడం, ఎమ్మెల్యేలను ఒక్కొక్కరినీ పిలిపించి ప్రమాణాలు చేయించడం ఇకనైనా ఆపండి.

ఎమ్మెల్యేలకు, ఎంపీలకు నా విన్నపం ఇంకాస్త చిన్నది. 2027లో అభ్యర్థుల పేర్లు ఖరారయ్యాక, పోలింగ్‌కు ముందు, మీ నియోజకవర్గ కేంద్రంలో ఒక సాయంత్రం కేటాయించండి. మైకు, నాలుగు కుర్చీలు చాలు. ఇద్దరు అభ్యర్థుల గురించి మీకు తెలిసింది చెప్పండి, మమ్మల్ని ప్రశ్నలు అడగనివ్వండి, మీ నిర్ణయం వినిపించండి. మా నియోజకవర్గంలో పెడితే నేను తప్పకుండా వస్తాను. మీ పార్టీ గీత దాటుతానని మీరు చెప్పినా ముందు మీ కారణం వింటాను. గీత దాటనని చెప్పినా అదే అడుగుతాను.

నమస్కారాలతో,
అనంతపురం జిల్లా ఓటరు